చేయి పడని కార్వెట్: 1963 స్టింగ్ రేను చూడటం, కొనడం, ఇంటికి తెచ్చుకోవడం

మా అమ్మమ్మ పెళ్లినాటి ఇత్తడి గంగాళం మీద ఆమె పేరు, పుట్టింటి ఊరు చెక్కి ఉండేవి. ఏటా పండగలకు చింతపండు పెట్టి తోమగా తోమగా ఆ అక్షరాలు అరిగిపోయాయి. ఇప్పుడు వేలితో తడిమితే తప్ప తెలియవు. గంగాళం తళతళలాడుతుంది కానీ అది ఎవరిదో చెప్పే ఆధారం పోయింది. పాత కార్లకూ సరిగ్గా ఇదే జరుగుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఒకే మాట పదేపదే వినిపిస్తుంది: ముందు చదవండి, తర్వాతే తుడవండి.

రీస్టోర్ చేయని కారు అంటే ఫ్యాక్టరీలో వేసిన రంగు, కుట్టిన సీట్లు, బిగించిన ఇంజిన్ చాలావరకు అలాగే మిగిలిన కారు. మెరిసే కారును డబ్బు పోసి మళ్లీ తయారు చేయించుకోవచ్చు. ఆ మొదటి పూతను మాత్రం ఎవరూ తిరిగి తేలేరు. మీరు డబ్బిచ్చి కొంటున్నది సాక్ష్యం. అమ్మేవారు చెప్పే కథ ఎంత అందంగా ఉన్నా, దానికి సాక్ష్యం కారు మీద కనిపించకపోతే ఆ కథకు విలువ కట్టకండి.

ఉదాహరణకు 1963 కార్వెట్ స్టింగ్ రే అనే అమెరికన్ స్పోర్ట్స్ కారును తీసుకుంటున్నాను. నేను ఉండేది అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, ఆ కార్లు పుట్టిన ఊళ్లో. షెవర్లే సంస్థ 1953లో మొదటి 300 కార్వెట్లను మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో తయారు చేసింది. 1954 నుంచి 1981 వరకు అవి మా ఊరి నేచురల్ బ్రిడ్జ్ అవెన్యూ పక్కనున్న ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి. తర్వాత తయారీ కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌కు మారింది. 1963లో కారు రూపం పూర్తిగా మారింది. వెనక అద్దం మధ్యలో నిలువుగా ఒక పట్టీ దిగే కూపే, అంటే గట్టి పైకప్పున్న కారు, ఆ ఒక్క ఏడాదే వచ్చింది. డిజైన్ విభాగాధిపతి బిల్ మిచెల్‌కు ఆ పట్టీ ప్రాణం. ఇంజినీరు జోరా ఆర్కస్ డుంటోవ్‌కు మాత్రం అది వెనక చూపుకు అడ్డం. 1964లో డుంటోవ్ మాటే నెగ్గింది, పట్టీ పోయింది. 1963 మోడల్‌గా తయారైన మొత్తం 21,513 కార్లలో కూపేలు 10,594, మిగిలినవి పైకప్పు మడిచే కన్వర్టిబుల్స్.

మొదటి అడుగు: బయలుదేరే ముందు అడగాల్సినవి

వెయ్యి మైళ్లు వెళ్లి నిరాశపడటం కంటే ఫోనులో పది నిమిషాలు మాట్లాడటం మేలు. అమ్మేవారిని ఈ ఫొటోలు అడగండి: గ్లోవ్ బాక్స్ కింది నంబరు పలకలు, ఇంజిన్ ముందు భాగంలో ముద్ర వేసిన చోటు, వెనక చక్రాల ముందు చట్రం వంపు తిరిగే చోటు, ముందు అద్దం కింది రెండు మూలలు. కారు మొత్తం కనిపించే అందమైన ఫొటోలు అవసరం లేదు, అవి అడక్కుండానే పంపుతారు. ‘ఫొటోల కోసం ఇంజిన్ కడిగించి పంపుతాం’ అంటే వెంటనే వద్దని చెప్పండి. నేను అలా చెప్పడం ఒకసారి ఆలస్యమైంది. నేను వెళ్లేసరికి పీడనంతో నీళ్లు కొట్టి అడుగుభాగమంతా శుభ్రం చేసి పెట్టారు. ఫ్యాక్టరీ కార్మికులు సుద్దతో, మైనపు కడ్డీతో చట్రం మీద రాసుకున్న గుర్తులు అరవై ఏళ్లు నిలిచి, ఆ ఒక్క మధ్యాహ్నంతో కొట్టుకుపోయాయి. ఆయన పాపం, నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు.

కారు ఎన్నేళ్లుగా కదలలేదు, ఎక్కడ ఉంచారు, నేల మట్టిదా సిమెంటుదా అన్నవి తప్పక అడగండి. మట్టి నేల మీది కొట్టంలో ఇరవై ఏళ్లున్న కారుకు కింద నుంచి తేమ ఎక్కుతూనే ఉంటుంది.

రెండో అడుగు: కాగితాలు

మన ఆర్‌సి లాంటి పత్రాన్ని అమెరికాలో టైటిల్ అంటారు. టైటిల్ మీది పేరు, అమ్ముతున్న మనిషి పేరు ఒకటేనా చూడండి. యజమాని చనిపోయి వారసులు అమ్ముతుంటే, అమ్మే అధికారం తమకుందని చూపే కోర్టు పత్రం అడగండి. ‘టైటిల్ ఎక్కడో పోయింది, మీ రాష్ట్రంలో తెచ్చుకోవచ్చు’ అన్నారా, అది తెచ్చి ఇచ్చాకే డబ్బిస్తానని చెప్పండి.

ఛాసిస్ నంబరును అక్కడ విన్ అంటారు. 17 అక్షరాల విన్ 1981 మోడల్ నుంచి వచ్చింది. 1963 కారుకు ఉండేవి 12 మాత్రమే. అందువల్ల నంబరు కొట్టగానే చరిత్ర చెప్పే ఇంటర్నెట్ సేవలు ఈ కార్లకు పెద్దగా పనికిరావు. పాత సర్వీసు రసీదులు, బీమా కాగితాలు, మొదటి యజమాని ఫొటో, ఇంట్లో ఎవరో దాచిన తాళంచెవుల గుత్తి లాంటివే ఇక్కడ చరిత్ర. నేషనల్ కార్వెట్ రీస్టోరర్స్ సొసైటీ అనే సంఘం 1974 నుంచి పనిచేస్తోంది. కారు మొదట ఏ డీలరుకు చేరిందో చెప్పే నివేదికను రుసుముపై ఇస్తుంది. యజమాని ద్వారా అడిగి తెప్పించుకోండి.

మూడో అడుగు: నంబర్లు

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. మంచి టార్చి, చిన్న అద్దం, ఫోను కెమెరా చాలు.

గ్లోవ్ బాక్స్ కింద అడ్డంగా ఒక ఉక్కు పట్టీ ఉంటుంది. విన్ పలక దాని మీదే. ఉదాహరణకు 30837ఎస్105432 అని ఉందనుకోండి. మొదటి 3 అంటే 1963 మోడల్. 37 అంటే కూపే, దాని బదులు 67 ఉంటే కన్వర్టిబుల్. ఎస్ అంటే సెయింట్ లూయిస్. చివరి ఆరంకెలు వరుస సంఖ్య. ఆ ఏడాది అది 100001తో మొదలై 121513తో ముగిసింది. అంతకు మించిన సంఖ్య కనిపిస్తే ఇక అక్కడ నిలబడాల్సిన పని లేదు. పలకను ఊడదీసి మళ్లీ బిగించిన జాడలున్నా అంతే. అమెరికాలో విన్ పలకను మార్చడం, తొలగించడం ఫెడరల్ నేరం.

పక్కనే ఇంకో పలక ఉంటుంది. కారు ఏ రోజు తయారైంది, సీట్ల రంగు ఏమిటి, పై రంగు ఏమిటి అన్నవి దాని మీద సంకేతాల్లో ఉంటాయి. 900 అంటే నలుపు, 923 రివర్‌సైడ్ రెడ్, 916 డేటోనా బ్లూ, 936 ఎర్మిన్ వైట్. ఎర్ర కారు మీద 936 కనిపిస్తే ఆ ఎరుపు తర్వాత వేసిందన్నమాట.

ఇక ఇంజిన్. కుడివైపు, అంటే అమెరికాలో ప్రయాణికుడు కూర్చునే వైపు, సిలిండర్ హెడ్‌కు కాస్త ముందు బ్లాక్ (ఇంజిన్ మూల దిమ్మ) మీద చదునైన చిన్న చోటు ఉంటుంది. అక్కడ రెండు ముద్రలు కనిపించాలి. ఒకటి కారు వరుస సంఖ్య: పై ఉదాహరణకైతే 3105432. రెండోది ఇంజిన్ బిగించిన తేదీ, రకం: ఎఫ్1025ఆర్‌ఎఫ్ అంటే ఫ్లింట్‌లో అక్టోబరు 25న బిగించిన, ఫ్యూయెల్ ఇంజెక్షన్ ఉన్న 360 హార్స్‌పవర్ ఇంజిన్. ఆర్‌డి అంటే 300 హార్స్‌పవర్, చేత్తో గేర్లు మార్చేది. ఆర్‌సి అంటే 250. అన్నీ 327 ఘనపు అంగుళాల వి8 ఇంజిన్లే, కానీ ధరలో తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత. మోసాలు పుట్టేది ఈ రెండు అక్షరాల దగ్గరే.

బ్లాక్‌ను పోత పోసిన తేదీ వెనక అంచున, అదే కుడివైపు, ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది. జె 12 2 అంటే 1962 అక్టోబరు 12 (1963 మోడల్ తయారీ 1962లోనే మొదలైంది). ఎడమవైపు వెనక అంచున 3782870 అనే పోత సంఖ్య ఉండాలి. ఇప్పుడు తర్కం సులువు: ముందు పోత, తర్వాత ఇంజిన్ బిగింపు, చివరికి కారు. కారు తయారైన తర్వాత పోసిన బ్లాక్ ఆ కారులో పుట్టింది కాదు. ఒక తిరకాసు గుర్తుంచుకోండి: బ్లాక్ మీది నెలల అక్షరాలకు ఎ అంటే జనవరి. గ్లోవ్ బాక్స్ కింది పలక మీద మాత్రం లెక్క జనవరితో మొదలవదు, ఆ మోడల్ తయారీ మొదలైన నెలతో మొదలవుతుంది. ఈ రెండూ కలగలిపి మంచి కారును దొంగ కారనుకుని వదిలేసినవాళ్లు ఉన్నారు.

ముద్ర అసలైనదేనా అన్నది చివరి పరీక్ష. ఫ్యాక్టరీలో ఆ చదునును కోసిన పనిముట్టు ముందు నుంచి వెనక్కి సన్నని సమాంతర గీతలు వదిలేది. గుడ్డతో మెల్లగా నూనె తుడిచి, టార్చిని పక్కవాటుగా పట్టి చూడండి. గీతలు లేకుండా నున్నగా ఉందా, గుండ్రటి చారలున్నాయా, అయితే ఆ బ్లాక్‌ను ఎప్పుడో చెక్కారు. మామూలు ఇంజిన్ మరమ్మతులోనూ అలా చెక్కుతారు కాబట్టి అది నేరమేమీ కాదు. కానీ చెక్కిన చోట చక్కటి అక్షరాలు కనిపిస్తే అవి తర్వాత కొట్టినవే. ఇక్కడ ఇసుక కాగితం, ఇనుప బ్రష్షు వాడారో, మీ చేత్తో మీరే సాక్ష్యం చెరిపినట్టు.

నాలుగో అడుగు: తుప్పు

‘దీనిది ఫైబర్‌గ్లాస్ శరీరం, తుప్పు పట్టదు’ అని అమ్మేవారు చిరునవ్వుతో చెబుతారు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఈ కారు కోసమే పుట్టినట్టుంటుంది. శరీరం ఫైబర్‌గ్లాస్ అయినా కింద ఉక్కు చట్రం ఉంది. తలుపులు, ముందు అద్దం చుట్టూ ఆ శరీరానికి ఎముకల గూడులా మరో ఉక్కు నిర్మాణం ఉంది. దీన్ని బర్డ్‌కేజ్, అంటే పిట్టపంజరం అంటారు. బయట రంగు చెక్కుచెదరకుండా ఉండగానే ఇది లోపల పొడిపొడిగా రాలిపోగలదు.

కారును జాకీల మీద, కింద ఊతాలు పెట్టి భద్రంగా లేపించండి. చట్రం వెనక చక్రాల ముందు పైకి వంపు తిరిగే చోట చిన్న సుత్తితో తట్టండి. గట్టి ఉక్కు ఖంగుమంటుంది, కుళ్లినది పుచ్చకాయలా బొదబొదమంటుంది. ఈ చట్రం లోపలి నుంచి బయటికి తుప్పు పడుతుంది కాబట్టి పైన వేసిన కొత్త నల్ల పూతను నమ్మకండి. అసలు, చేయి పడని కారుకు కొత్త నల్ల పూత ఎందుకుంది?

తర్వాత లోపలికి రండి. ముందు కాళ్లు పెట్టుకునే చోట పక్కనున్న అట్టలు రెండు స్క్రూలు తీస్తే వచ్చేస్తాయి. యజమాని అనుమతితో తీసి, తలుపు ముందు స్తంభం అడుగు చూడండి. శరీరం చట్రానికి కూర్చునే చోట్లలో మొదట పాడయ్యేవి ఇవే. ముందు అద్దం కింది మూలల్లో తడి మరకలు, లోపలి కార్పెట్ కింద ఎర్రటి రజను ఉంటే నీళ్లు చాలా ఏళ్లుగా దిగుతున్నట్టు. తలుపు తెరిచి కొంచెం పైకి ఎత్తి చూడండి. మడతబందు అరిగి ఆడితే పరవాలేదు, స్తంభమే కదిలితే మాత్రం ఆలోచించాలి. పిట్టపంజరం బాగుచేయాలంటే శరీరాన్ని కోయాలి, ఎత్తాలి, మళ్లీ అతకాలి. ఆ ఖర్చు కారు ధరలో పెద్ద భాగాన్నే మింగుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ పని అయ్యాక అది రీస్టోర్ చేయని కారుగా మిగలదు. నా మటుకు నేను, నంబర్లు కలవకపోతే ధర తగ్గించమంటాను, పంజరం కుళ్లితే వెనక్కి తిరుగుతాను.

ఐదో అడుగు: చర్మం

రంగు మందం కొలిచే మామూలు పరికరం లోహం మీదే పనిచేస్తుంది, ఫైబర్‌గ్లాస్ మీద అంకె చూపదు. అల్ట్రాసోనిక్ రకం కావాలి. లేదా కళ్లు చాలు. ఆనాటి యాక్రిలిక్ లాకర్ పూత పలచగా ఉంటుంది, వయసు పైబడ్డాక ఎండిన చెరువు అడుగులా సన్నగా నెర్రెలిస్తుంది. అంచుల దగ్గర అరిగి అడుగు పూత కనిపిస్తుంది. ఇవి లోపాలు కావు, పుట్టుమచ్చలు. తలుపు రబ్బరుకింద, బానెట్ లోపలి అంచున, స్క్రూల తలల మీద వేరే రంగు తొంగి చూస్తే మాత్రం మళ్లీ రంగు వేశారన్నమాట.

ముందు చక్రాల గూళ్లలో తల పెట్టి పైకి చూడండి. ఫ్యాక్టరీ పలకలు అచ్చుల్లో ఒత్తినవి, లోపలి వైపు కూడా నునుపు. రెండు పలకలు కలిసే చోట లోపల ఒక పట్టీ అతికించి ఉంటుంది. పట్టీ లేకపోయినా, గుడ్డ నేత కనిపించే గరుకు పూత ఉన్నా అక్కడ దెబ్బ తగిలి బాగుచేశారు. ఈ కార్ల ముక్కే ముందు దెబ్బతింటుంది కాబట్టి ఒక చిన్న మరమ్మతుకే బేరం వదులుకోనక్కర్లేదు, ధరలో సర్దుకోవచ్చు.

కూపే అయితే వెనక అద్దాల మధ్య పట్టీని ప్రత్యేకంగా చూడండి. 1964 మోడల్ వచ్చాక పాత కారు కొత్తదానిలా కనిపించాలని కొందరు యజమానులు ఆ పట్టీని కోసి ఒకే అద్దం పెట్టించుకున్నారు. ఆ తర్వాత పట్టీ ఉన్నవాటికే విలువ పెరిగేసరికి, కోసినవాటికి మళ్లీ అతికించారు. లోపలి వైపు అతుకు కనిపిస్తుంది. బానెట్ మీద రెండు ఉత్తుత్తి జాలీలు 1963 కారుకే ఉంటాయి. ఈ కూపేకు వెనక డిక్కీ తలుపు లేదు, సామాను సీట్ల వెనక నుంచి తోయాల్సిందే. కాబట్టి అది ఎక్కడ పోయిందని వెతకకండి!

ఆరో అడుగు: చిన్న వస్తువులు

మైళ్ల మీటరులో ఐదంకెలే ఉంటాయి. 38 వేలు అన్నది లక్షా 38 వేలూ కావచ్చు. పెడల్ రబ్బరు, డ్రైవరు సీటు అంచు, స్టీరింగ్ చక్రం ఎంత అరిగాయో చూసి మీరే తేల్చుకోండి. అద్దాల మీద తయారీ నెల, ఏడాది చెప్పే రెండక్షరాల సంకేతం ఉంటుంది. సీటు బెల్టుల చీటీల మీదా తేదీలుంటాయి. అన్నీ కారు తేదీకి కొంచెం ముందువి కావాలి.

నాకు ఇష్టమైన ఆధారం మరొకటుంది. స్పార్క్ ప్లగ్ తీగల మీద, డిస్ట్రిబ్యూటర్ మీద మెరిసే లోహపు కవచాలు. ఇనుప శరీరమైతే ఇంజిన్ నిప్పురవ్వల చప్పుడును రేడియోలోకి రాకుండా అదే ఆపుతుంది. ఫైబర్‌గ్లాస్ ఆపలేదు కాబట్టి రేడియో ఉన్న కార్వెట్లకు ఈ కవచాలు తొడిగారు. మెకానిక్‌కు అడ్డమని తీసి పారేసినవే ఎక్కువ. అన్నీ ఉంటే, ఆ కారు చేతులు మారినా దాన్ని ఎవరూ పీకి పాకం పట్టలేదని నమ్మవచ్చు.

ఏడో అడుగు: ఇంజిన్

ఏళ్లుగా ఆగిన ఇంజిన్‌ను మీ ఎదుట ‘ఒక్కసారి’ తిప్పి చూపిస్తామంటే ఆపండి. తుప్పు పట్టిన సిలిండరులో పిస్టన్‌ను బలవంతంగా కదిపితే ఆ ఒక్కసారికే ఖర్చు ఖరారవుతుంది. ప్లగ్గులు తీసి, సన్నని కెమెరాతో సిలిండర్ల లోపల చూడండి. యజమాని ఒప్పుకుంటే కొంచెం నూనె వేసి, క్రాంక్ బోల్టుకు పానా పెట్టి చేత్తో కదిలించండి. కదిలితే సంతోషం. కదలకపోతే పట్టేసిన ఇంజిన్‌గానే ధర కట్టండి.

ఎనిమిదో అడుగు: బేరం

చూడటానికి వెళ్లకముందే మూడు అంకెలు రాసుకోండి: అన్నీ సరిపోతే, ఇంజిన్ మారి ఉంటే, మళ్లీ రంగు పడి ఉంటే. అక్కడ కారు వాసన తగిలాక లెక్క కుదరదు, నాకు కుదరలేదు. కార్వెట్లే చూసే నిపుణుడికి ఒక రోజు ఫీజిచ్చి తీసుకెళ్లడం దండగ కాదు. డబ్బు బ్యాంకు ద్వారా, టైటిల్ మీద సంతకం అదే బల్ల దగ్గర, అదే గంటలో జరగాలి. విడిగా ఉన్న పాత చక్రాలు, పాడైన కార్బ్యురేటర్, డబ్బాలో బోల్టులు అన్నీ అమ్మకపు పత్రంలో రాయించండి. బీమా మామూలుది కాకుండా, ముందే విలువ ఒప్పుకుని రాసేది తీసుకోండి.

హైదరాబాదుకో విజయవాడకో తీసుకెళ్దామా అని అడిగే స్నేహితులున్నారు. భారతదేశంలో 2021 నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటి, చట్రం, శరీరం, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేయని వాహనాలను వింటేజ్‌గా నమోదు చేస్తారు, నంబరులో విఏ అక్షరాలుంటాయి. ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీ తిరుగుడుకు వీలులేదు. దానికి ఓడ ఖర్చు, సుంకం, ఎడమవైపు స్టీరింగ్ తోడు. నా సలహా, మీరు శాశ్వతంగా తిరిగి వెళ్తుంటేనే ఆలోచించండి.

తొమ్మిదో అడుగు: తరలింపు, మొదటి నెలలు

మూసిన ట్రైలరులో తెప్పించండి. తాళ్లు చట్రానికే కట్టమనండి. వెనక చక్రాలను తిప్పే ఇరుసులే ఈ కారులో సస్పెన్షన్‌లో భాగం, వాటికి తాడు బిగిస్తే వంగుతాయి.

ఇంటికి రాగానే కడగకండి. కింద, పైన, లోపల కనీసం రెండు మూడు వందల ఫొటోలు తీయండి. ఎలుకల గూళ్లుంటే ఊడ్చకండి, వాక్యూమ్ పెట్టకండి. అమెరికా ఎలుకల రెట్టల దుమ్ముతో హంటావైరస్ సోకే ప్రమాదముంది. మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, క్రిమిసంహారక ద్రవంతో తడిపి తీయండి. ఆనాటి బ్రేకు, క్లచ్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, గాలి కొట్టి ఊదవద్దు.

పాత పెట్రోలు మొత్తం తీసేయండి. ఇంజిన్ నడపడానికి ముందు డిస్ట్రిబ్యూటర్ తీసి, అక్కడి నుంచి నూనె పంపును డ్రిల్లు యంత్రంతో తిప్పి నూనె పైదాకా ఎక్కించండి. ఈ ఇంజిన్ల క్యామ్‌షాఫ్ట్‌కు జింకు ఎక్కువున్న నూనె కావాలి. సంపీడన నిష్పత్తి (కంప్రెషన్ రేషియో) 10.5 నుంచి మొదలవుతుంది కాబట్టి పెట్రోలు ప్రీమియం రకమే పోయండి.

రక్షణ విషయంలో మాత్రం పాతదనం మీద మమకారం వద్దు. 1963 కారుకు నాలుగూ డ్రమ్ బ్రేకులు, మామూలు కార్లలో వాటన్నిటికీ ద్రవం ఒకే గొట్టపు మార్గంలో వెళుతుంది. ఎక్కడ కారినా మొత్తం బ్రేకులు పోతాయి. రెండు విడి మార్గాలు అన్ని కార్వెట్లకూ 1967లో గాని రాలేదు. గొట్టాలు, సిలిండర్లు, రబ్బర్లు అన్నీ కొత్తవి వేయించండి. టైర్లూ అంతే. తీసిన ప్రతి వస్తువుకూ చీటీ కట్టి, ఏ చోటు నుంచి, ఏ రోజు తీశారో రాసి పెట్టెలో పెట్టండి.

చివరగా కారు వెనక కింద, స్పేర్ టైరు పెట్టే ఫైబర్‌గ్లాస్ గిన్నెను దించండి. చాలామంది దాన్ని ఎప్పుడూ తెరవరు. నా స్నేహితుడి కారులో అది మొదటిసారి తెరుచుకున్నది మా చేతుల్లోనే. లోపల 1962లో పెట్టిన టైరు, రోడ్డును ఒక్కసారి కూడా తాకకుండా, అచ్చులోంచి తీసినప్పటి రబ్బరు వెంట్రుకలతో సహా అలాగే ఉంది. మేం దానికి ఫొటో తీసి, మళ్లీ అక్కడే పెట్టి బోల్టు బిగించాం.